ధాతువు పట్టుకుంటే పదాలు పరిగెత్తుకొస్తాయి

ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తే హాస్టల్ గోడల మీద రెండు రకాల కాగితాలు వెలుస్తాయి. ఒకటి కోడింగ్ ప్రశ్నల జాబితా, రెండోది పదాల జాబితా. రోజుకు ఇరవై పదాలు, నెలకు ఆరొందలు. పరీక్ష అయిన మర్నాటికి అందులో సగం ఆవిరి. రష్యాలో ఎంబీబీఎస్‌కు వెళ్లేవాళ్లు, పోలండ్‌లోనో చెక్ రిపబ్లిక్‌లోనో ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు కూడా ఇదే దారి పడతారు. యాప్ ఓపెన్ చెయ్, పది పదాలు బట్టీ పట్టు, మూసెయ్.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పదాలను జాబితాగా నేర్చుకోవడమంటే ఫంక్షన్ రాయకుండా దాని అవుట్‌పుట్లన్నీ చేత్తో టైప్ చేసుకోవడం లాంటిది. చాలా భాషల్లో పదాలు విడివిడిగా పుట్టవు. ఒక క్రియ, దాని మీద పనిచేసే నాలుగైదు నియమాలు, వాటిలోంచి వచ్చే డజన్ల కొద్దీ పదాలు... ఇదీ వరస. ఈ మాట రుజువు చెయ్యడానికి మనకు ఏమాత్రం సంబంధం లేదనిపించే భాషలనే తీసుకుంటాను: రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్ లాంటి స్లావ్ భాషలు. వేల ఏళ్ల కిందటి ఇండో-యూరోపియన్ క్రియారూపాలు వాటి పదాలను ఎలా తయారు చేశాయో చూస్తే, చదువు గురించి మనకున్న ఒక పెద్ద అపోహ కూడా వదులుతుంది.

‘మాట’ అంటే ‘విన్నది’

రష్యన్‌లో ‘స్లోవొ’ అంటే మాట, పదం. ఇది ఎక్కడిది? ‘విను’ అనే అర్థమున్న ఒక పాత క్రియలోంచి వచ్చింది. ఆ క్రియే సంస్కృతంలో ‘శ్రు’. మనం వాడే శ్రవణం, శ్రోత, శ్రుతి అన్నీ దాని పిల్లలే. సంస్కృతంలో ‘శ్రవస్’ అంటే కీర్తి, అంటే నలుగురి నోటా వినపడేది. గ్రీకులో ‘క్లెయోస్’ అన్నా కీర్తే. స్లావ్‌లో అదే పదం ‘స్లోవొ’ అయి, అర్థం కీర్తి నుంచి మాటకు జరిగింది. ఇదే ధాతువు నుంచి ‘స్లావా’ (కీర్తి), ‘స్లూషత్’ (వినడం) కూడా వచ్చాయి.

‘శ్ర’కూ ‘స్ల’కూ పోలిక ఏముందని అడగొచ్చు. అదృష్టం మీద ఆధారపడిన పోలిక కాదిది, నియమం. పాత భాషలోని ఒక రకం ‘క’ ధ్వని సంస్కృతంలో ‘శ’ అయింది, స్లావ్‌లో ‘స’ అయింది. సంస్కృతంలో వంద ‘శత’, రష్యన్‌లో ‘స్తో’. అదే నియమం ఇక్కడా. ఒక నియమం ఒక్క పదానికి పనిచేస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. వందల పదాలకు పనిచేస్తే అది వ్యవస్థ.

ఇంకొకటి. పాత భాషలో ‘చూచు’ అనే క్రియకు ఒక ప్రత్యేకమైన రూపం ఉండేది. ‘చూసి ఉన్నాను’ అన్న ఆ రూపానికి ‘కాబట్టి నాకు తెలుసు’ అన్న అర్థం స్థిరపడింది. సంస్కృతంలో అది ‘వేద’ (నాకు తెలుసు). అందులోంచే వేదం, విద్య. స్లావ్ భాషల అతి పాత రాతల్లో ‘వేదే’ అనే రూపం అదే అర్థంతో కనిపిస్తుంది. పాత భాషలోని ఆ రకం రూపాల్లో స్లావ్‌లో మిగిలింది దాదాపు ఇదొక్కటే. కానీ అది కన్న సంతానం తక్కువేం కాదు. ‘వేద్మ’ అంటే మంత్రగత్తె, అంటే రహస్యాలు తెలిసినావిడ. ‘వేస్త్’ అంటే కబురు. ‘సోవెస్త్’ అంటే అంతరాత్మ. 1917లో మొదలైన ‘ఇజ్వెస్తియా’ పత్రిక పేరు వినే ఉంటారు. దాని అర్థం ‘సమాచారాలు’. ఆ పేరు మధ్యలో ఉన్న ‘వెస్త్’ మన వేదానికి దూరపు చుట్టమే.

ఒక్క అచ్చు మారితే చాలు

ఇప్పుడు అసలు యంత్రం చూద్దాం. పాత ఇండో-యూరోపియన్ భాషలో ధాతువు లోపలి అచ్చు మారుతుండేది. క్రియగా ఉన్నప్పుడు చాలాచోట్ల ‘ఎ’, అదే నామవాచకం అయితే ‘ఒ’. కొన్ని రూపాల్లో అచ్చు మొత్తానికే మాయం. స్లావ్ భాషలు ఈ ఏర్పాటును చక్కగా దాచుకున్నాయి.

బండి మీద మోసుకెళ్లడానికి ధాతువు ‘వెజ్’. దాని నామవాచకం ‘వోజ్’ అంటే బండి. పోలిష్‌లో, చెక్‌లో దాన్నే ‘వూజ్’ అంటారు. చెక్‌లో ఈరోజు కారును కూడా ‘వూజ్’ అంటున్నారు. సంస్కృతంలో ఈ ధాతువు ‘వహ్’. వహతి, వాహనం. ‘హ’కూ ‘జ’కూ లంకె ఏమిటంటే, మళ్లీ నియమమే: సంస్కృతంలో ‘హిమ’ అంటే మంచు, రష్యన్‌లో ‘జిమా’ అంటే చలికాలం.

‘వెద్’ అంటే దారి చూపి తీసుకెళ్లు. అచ్చు మార్చి ‘వోద్’ చెయ్యండి, ముందు ఒక ఉపసర్గ తగిలించండి. ‘వ్వోద్’ ఇన్‌పుట్. ‘వీవొద్’ అవుట్‌పుట్, తార్కికమైన నిర్ధారణకూ అదే మాట. ‘ప్రోవొద్’ కరెంటు తీగ. ‘పెరెవోద్’ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం, కాబట్టి అనువాదం, డబ్బు ట్రాన్స్‌ఫర్ రెండూ. ‘జవోద్’ ఫ్యాక్టరీ. ఒక్క ధాతువు, ఐదు పదాలు, అన్నీ ఇంజినీరుకు పనికొచ్చేవే. సంస్కృతంలోని ‘వధువు’ను కూడా, ‘తోడ్కొని వచ్చిన పిల్ల’ అన్న అర్థంలో, చాలామంది పండితులు ఈ ధాతువుకే కలుపుతారు.

ఈసీఈ వాళ్లకు ఒక కానుక. ‘తెక్’ అంటే ప్రవహించు. దాని నామవాచకం ‘తోక్’ అంటే కరెంటు, ప్రవాహం. ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్‌లో సోర్స్‌ను రష్యన్‌లో ‘ఇస్తోక్’ అంటారు, అంటే బయటికి పారేది. డ్రెయిన్‌ను ‘స్తోక్’ అంటారు, అంటే కిందికి పారేది. ప్రోగ్రామింగ్‌లో థ్రెడ్‌కూ స్ట్రీమ్‌కూ ‘పొతోక్’. ‘తోక్’ ఒక్కటి తెలిసినవాడు ఈ మూడూ ఊహించగలడు. తెలియనివాడికి నాలుగూ నాలుగు వేర్వేరు రాళ్లు.

ఉపసర్గల ఆట మనకు కొత్తేం కాదు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం... అన్నీ ఒకే ‘హృ’ ధాతువు మీద కట్టిన ఇళ్లని తెలుగు వ్యాకరణం క్లాసులో విన్నదే. రష్యన్ ‘ప్రో’, సంస్కృతం ‘ప్ర’ పుట్టుకలో తోబుట్టువులు కూడా.

అలారం గడియారంలో బుద్ధుడు

మనం ‘తాగు’ను ‘తాగించు’ చేస్తాం, ‘నవ్వు’ను ‘నవ్వించు’ చేస్తాం. వేరేవాళ్ల చేత పని చేయించే ఈ రూపాన్ని ప్రేరణార్థకం అంటారు. పాత ఇండో-యూరోపియన్‌లోనూ దీనికో సూత్రం ఉంది: ధాతువులోని అచ్చును ‘ఒ’ చేసి, చివర ఒక ప్రత్యయం కలపడం. ‘బుధ్’ అంటే మేలుకొను. దానికి ప్రేరణార్థకం సంస్కృతంలో ‘బోధయతి’ అంటే మేలుకొలుపుతాడు. బోధన అంటే ఇంతే, నిద్ర లేపడం. అదే సూత్రంతో అదే ధాతువు నుంచి రష్యన్‌లో ‘బుదీత్’ వచ్చింది, అర్థం నిద్ర లేపడం. దాన్నుంచి ‘బుదీల్నిక్’ అంటే అలారం గడియారం. పోలిష్‌లో ‘బుజిక్’, చెక్‌లో ‘బుదీక్’. మేలుకున్నవాడు బుద్ధుడు, మేలుకొలిపేది బుదీల్నిక్.

ఇలాంటి జత ఇంకొకటి ఉంది. రష్యన్‌లో ‘పీత్’ తాగడం, ‘పయీత్’ తాగించడం. సంస్కృతంలో ‘పిబతి’, ‘పాయయతి’. కూర్చోవడానికి ధాతువు ‘సద్’. నేలలో మొక్కను ‘కూర్చోబెడితే’ అది నాటడం, నాటినచోటు ‘సాద్’ అంటే తోట. మన పక్కన కలిసి కూర్చునేవాడు ‘సొసేద్’ అంటే ఇరుగుపొరుగువాడు. ‘సమ్’ ఉపసర్గ, ‘సద్’ ధాతువు. ఢిల్లీలో అదే కూర్పు ‘సంసద్’ అయింది, అంటే పార్లమెంటు.

డేటా అంటే దానమే

ఈ తరం నోట ఎక్కువగా నలిగే మాట డేటా. అది లాటిన్ పదం. ‘ఇవ్వబడినవి’ అని అర్థం. ‘ఇచ్చు’ అనే ఆ ధాతువు సంస్కృతంలో ‘దా’. దదాతి, దానం, దాత. రష్యన్‌లో డేటాను ‘దాన్నియె’ అంటారు. అర్థం మళ్లీ ‘ఇవ్వబడినవి’. డేటాబేస్‌ను ‘బాజా దాన్నిఖ్’ అంటారు. అందులోని ‘న’ శబ్దం పాత భాషలో క్రియను విశేషణంగా మార్చే ప్రత్యయం. సంస్కృతంలో నిండినది ‘పూర్ణ’, రష్యన్‌లో ‘పోల్నియ్’. అదే ‘న’. కప్పం కట్టడాన్ని ‘దాన్’ అన్నారు, కానుకను ‘దార్’ అన్నారు.

సంస్కృతంలో ‘దదామి’ అన్నప్పుడు ‘ద’ రెండుసార్లు పలుకుతుంది. పాత భాషలో కొన్ని క్రియలు ఇలా మొదటి అక్షరాన్ని రెట్టించేవి. రష్యన్ ఈ అలవాటును దాదాపు మరిచిపోయింది, కానీ ‘వాళ్లు ఇస్తారు’ అనడానికి ఇప్పటికీ ‘దదూత్’ అంటుంది. రష్యన్ నేర్చుకునేవాళ్లకు ఇది ‘నియమం తప్పిన క్రియ’ అని చెప్తారు. నిజానికి అది నియమం తప్పలేదు. నియమమే దాన్ని వదిలి వెళ్లిపోయింది.

భూతకాలం సంగతి ఇంకా బాగుంటుంది. రష్యన్‌లో మగవాడు ‘నేను ఇచ్చాను’ అంటే ‘యా దాల్’, ఆడమనిషి అంటే ‘యా దలా’. తెలుగులో ఇద్దరికీ ‘ఇచ్చాను’ ఒకటే కదా, అక్కడ ఎందుకు మారింది? ఎందుకంటే ‘దాల్’ మొదట క్రియ కాదు, ‘ఇచ్చినవాడు’ అనే విశేషణం. దాని పక్కన ‘ఉన్నాను’ అనే సహాయక క్రియ ఉండేది. కాలక్రమంలో రష్యన్ ఆ క్రియను పడేసింది, లింగం మాత్రం అంటుకునే ఉండిపోయింది. పోలిష్ దాని తోకను దాచుకుంది: మగవాడు ‘దావెమ్’, ఆడమనిషి ‘దావమ్’. చివరి ‘మ్’ ఎవరో కాదు, సంస్కృతంలోని ‘అస్మి’కి తోబుట్టువైన క్రియ ముక్క. హిందీలో ‘మై గయా’, ‘మై గయీ’ అని మారడానికి కారణం కూడా ఇలాంటిదే. ‘గయా’ సంస్కృతంలోని ‘గత’ అనే విశేషణం నుంచి వచ్చింది. రెండు భాషలు, రెండు వేర్వేరు దారులు, ఫలితం ఒకటే.

క్రియ గడ్డకట్టి నామవాచకమైతే

ఒక్కోసారి ధాతువు కాదు, పూర్తి క్రియారూపమే నామవాచకంగా మారిపోతుంది. ‘వాళ్లు ఉన్నారు’ అనడానికి సంస్కృతంలో ‘సంతి’. స్లావ్‌లో దానికి జత రష్యన్ ‘సూత్’. ఈరోజు మామూలు రష్యన్‌లో ఎవరూ దాన్ని క్రియగా వాడరు. కానీ ‘సూత్’ అంటే సారాంశం, అసలు విషయం. ఉన్నది ఏదో అదే సారం. మన ‘సత్యం’ కూడా ‘ఉండు’ అనే అదే ధాతువు నుంచి, ‘సత్’ అంటే ‘ఉన్నది’ అనే రూపం నుంచి వచ్చింది.

ఇంకో తమాషా ఆజ్ఞారూపాలది. రష్యన్‌లో ‘బెరీ’ అంటే ‘తీసుకో’. ఇది చూడ్డానికి ఆర్డర్. పుట్టుకలో మాత్రం ఇది ‘తీసుకుంటే బాగుండు’ అనే కోరికను చెప్పే రూపం, సంస్కృతంలో ‘భరేత్’ లాంటిది. స్లావ్ భాషలు పాత ఆజ్ఞారూపాన్ని పక్కనపెట్టి కోరిక రూపాన్నే ఆజ్ఞగా మార్చుకున్నాయి. మనం కూడా పెద్దవాళ్లతో ‘రండి’ అనేబదులు ‘వస్తే బాగుంటుందండీ’ అంటాం. మర్యాద ఎక్కువగా వాడితే అదే మామూలు ఆజ్ఞ అయిపోతుంది.

చిన్న గుంపు పెద్ద గుంపును గెలిచిన కథ కూడా ఒకటుంది. స్లావ్‌ల పాత రాతభాషలో ‘నేను’తో వచ్చే క్రియకు ‘మి’ అనే అంత్యం ఉన్నవి ఐదంటే ఐదే: ఉండు, ఇచ్చు, తిను, తెలియు, కలిగియుండు. మొదటి నాలుగూ రోజూ వాడే పాత క్రియలు, ‘అస్మి’, ‘దదామి’, ‘అద్మి’, ‘వేద్మి’లకు జోళ్లు. ఈ ఐదింటి అంత్యం మెల్లగా మిగతావాటికి అంటుకుంది. ఈరోజు సెర్బియన్‌లో దాదాపు అన్ని క్రియలూ ‘నేను’తో ‘మ్’ అనే ముగుస్తాయి. చెక్, పోలిష్‌లలో చాలా క్రియలది అదే దారి. రష్యన్‌లో మాత్రం రెండు క్రియలకే మిగిలింది: ‘యెమ్’ (తింటాను), ‘దామ్’ (ఇస్తాను). ఎక్కువ వాడుకలో ఉన్నదే నిలుస్తుంది, ఒక్కోసారి మిగతావాటిని తన దారికి తెచ్చుకుంటుంది.

ఎలుగుబంటికి యణాదేశ సంధి

ఇక్కడిదాకా చదివి ‘బాగుంది, రెండు పదాలు పోలి ఉంటే చుట్టాలన్నమాట’ అనుకుంటే నా శ్రమంతా వృథా. పోలిక రుజువు కాదు. లాటిన్ ‘దెయుస్’, గ్రీకు ‘థెయోస్’ రెండింటికీ దేవుడనే అర్థం. రూపం పోలుతుంది, అర్థం పోలుతుంది. అయినా చుట్టరికం లేదు, వేర్వేరు ధాతువులు. ‘వహ్’, ‘వోజ్’ పోలవు. అయినా సొంత అన్నదమ్ములు. మరి ఎలా తేల్చాలి?

టెన్నిస్ చూసేవాళ్లకు దనీల్ మెద్వెదెవ్ తెలుసు. ‘మెద్వేద్’ అంటే ఎలుగుబంటి. ‘మెద్’ అంటే తేనె, మన మధువు. తర్వాతి ముక్క ఏమిటి? చాలామంది రష్యన్లు ‘వేద్’ అంటే తెలిసినవాడు కాబట్టి ‘తేనె ఎక్కడుందో తెలిసినవాడు’ అని విడదీస్తారు. వినడానికి ఎంత బాగుందో! కానీ తప్పు. అసలు విభజన మధు ప్లస్ ‘అద్’ అంటే తిను. ఉకారం తర్వాత అచ్చు వస్తే ‘వ’ వస్తుంది. తొమ్మిదో తరగతిలో అణు ప్లస్ అస్త్రం అణ్వస్త్రం అని రాశాం కదా, అదే. యణాదేశ సంధి! ఆ ‘వ’ రెండో పదానిది కాదు, మధువులోని ఉకారానిది. దీనికి సాక్షి కూడా ఉంది. ఋగ్వేదంలో తేనె తినేవి అన్న అర్థంలో ‘మధ్వద్’ అనే సమాసమే కనిపిస్తుంది. ఎలుగుబంటికి సంస్కృతంలో ‘ఋక్ష’ అనే పాత పేరు ఉంది. అడవిలో దాని అసలు పేరు పలికితే వస్తుందనే భయంతో కాబోలు, స్లావ్‌లు ఆ పేరు వదిలేసి ‘తేనె తినేది’ అన్నారు.

చెవికి ఇంపైన వివరణను పక్కనపెట్టి, నియమానికి లొంగే వివరణను ఒప్పుకోవడం... ఇదీ అసలు చదువు. ఇంటర్వ్యూలో డీబగ్గింగ్ ప్రశ్న అడిగినప్పుడు మీ దగ్గర చూసేది కూడా ఇదే.

సంస్కృతం తల్లి కాదు, అక్క

ఇక వాట్సాప్ ఫార్వర్డుల దగ్గరికి వద్దాం. ‘ప్రపంచ భాషలన్నిటికీ సంస్కృతమే తల్లి, రష్యా అంటే ఋషుల దేశం’ అంటూ రోజుకొకటి తిరుగుతుంది. పైన చెప్పిన పోలికలే సాక్ష్యంగా పెడతారు. ఆ సాక్ష్యాన్నే జాగ్రత్తగా చదివితే వేరే మాట చెప్తుంది.

పాత భాషలో ఎ, ఒ, అ వేర్వేరు అచ్చులు. సంస్కృతంలో మూడూ కలిసి ‘అ’ అయిపోయాయి. స్లావ్‌లో ‘ఎ’ విడిగా నిలిచింది, ‘ఒ’, ‘అ’ రెండూ కలిశాయి. గ్రీకు మూడింటినీ విడివిడిగా ఉంచుకుంది. ఇప్పుడు ఇంజినీరులా ఆలోచించండి. కంప్రెస్ చేసి సమాచారం పోగొట్టుకున్న ఫైలు నుంచి ఒరిజినల్‌ను తిరిగి తీయలేం. సంస్కృతంలోని ఒక్క ‘అ’ను చూసి, స్లావ్‌లు ఇక్కడ ‘ఎ’ పెట్టాలి, అక్కడ ‘ఒ’ పెట్టాలి అని ఎలా తెలుసుకుంటారు? తెలుసుకోలేరు. కాబట్టి స్లావ్ సంస్కృతం నుంచి రాలేదు. స్లావ్ కూడా వేరేచోట సమాచారం పోగొట్టుకుంది కాబట్టి సంస్కృతం స్లావ్ నుంచీ రాలేదు. ఇద్దరికీ ఇంకా పాతదైన ఒక తల్లి ఉంది. సంస్కృతం ఆ ఇంటి అక్కయ్య. గొప్ప అక్కయ్యే, కానీ అమ్మ కాదు.

ఈ ఆలోచన ఎదిగిన తీరులో మన పేరూ ఉంది. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. 1816లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ క్రియారూపాలతో పోల్చి పుస్తకం రాశాడు. ఆ శాస్త్రం క్రియల మీదే మొదలైంది. తర్వాతి పెద్ద వ్యాకరణంలో పాత స్లావ్ భాషనూ చేర్చాడు. సరిగ్గా అదే 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికా వ్యాసంలో, తెలుగు ధాతువులను సంస్కృత ధాతువుల పక్కన పెట్టి చూపించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళం, కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని తేల్చాడు. అంటే మన ‘వాహనం’, ‘దానం’, ‘బోధన’ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన ‘ఆడు’ నుంచి ‘ఆట’, ‘పాడు’ నుంచి ‘పాట’, ‘కోయు’ నుంచి ‘కోత’, ‘రాయు’ నుంచి ‘రాత’ మాత్రం మన సొంత యంత్రం తయారుచేసినవి. ఆ సొంత యంత్రం మీదే భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ అనే గ్రంథం ప్రచురించారు. తెలుగు ధాతువుల మీద ప్రపంచానికి అందిన పెద్ద పని అది.

ఇదంతా ఊహాగానం కాదా అనేవాళ్లకు ఒక్క సంఘటన చాలు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ 21 ఏళ్ల వయసులో, అంటే మీ వయసులోనే, పాత భాషలో ఏ భాషలోనూ మిగలని కొన్ని ధ్వనులు ఉండి తీరాలని ధాతువుల అమరికను బట్టి లెక్కగట్టాడు. అప్పటికి సాక్ష్యం సున్నా. తర్వాత టర్కీలో మట్టి పలకలు బయటపడ్డాయి. 1915లో చెక్ పండితుడు బెద్రిఖ్ హ్రోజ్నీ వాటి మీద ఉన్నది ఇండో-యూరోపియన్ భాషేనని, హిట్టైట్ అని తేల్చాడు. 1927లో పోలండ్ పండితుడు యెర్జీ కురిలోవిచ్ ఆ పలకల్లోని ‘హ’ లాంటి ధ్వని సొస్యూర్ చెప్పిన చోట్లలోనే ఉందని చూపించాడు. సాఫ్ట్‌వేర్‌లో ఇంత కచ్చితమైన ప్రిడిక్షన్ వస్తే మనం ప్రెస్‌మీట్ పెట్టమా?

పుట్టుక వేరు, నేటి అర్థం వేరు

ధాతువు తెలిసిందని డిక్షనరీ పారెయ్యకండి. రష్యన్‌లో ‘జివోత్’ మన ‘జీవితం’ ధాతువే. సెర్బియన్‌లో అర్థం జీవితమే. కానీ నేటి రష్యన్‌లో దాని అర్థం కడుపు! మెడికల్ విద్యార్థి రోగి ‘జివోత్’ నొప్పి అంటుంటే జీవితం మీద విరక్తి అనుకుంటే ఎలా? ‘మన్’ ధాతువు నుంచి సంస్కృతంలో మనసు, మతి వచ్చాయి. రష్యన్‌లో ‘పామ్యత్’ (జ్ఞాపకం, కంప్యూటర్ మెమరీ కూడా) వచ్చింది. ‘మ్నేనియె’ అంటే అభిప్రాయం. దాన్నుంచే రష్యన్‌లో ‘జపోమ్నిత్’ అంటే గుర్తుపెట్టుకోవడం. దాదాపు అదే పదం పోలిష్‌లో ‘జపొమ్నియెచ్’ అంటే మర్చిపోవడం! ధాతువు జ్ఞాపకానికి కొక్కెం మాత్రమే. అర్థానికి ప్రమాణం నేటి వాడుకే.

మరి ఉద్యోగానికి దీంతో పనేంటి?

ఇది అడగాల్సిన ప్రశ్నే. ‘మెద్వేద్’ పుట్టుక చెప్పగలిగినంత మాత్రాన ఎవరూ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టరు. కానీ మూడు లాభాలు మాత్రం గట్టిగా చెప్పగలను.

ఒకటి, విదేశీ భాష నేర్చుకునేటప్పుడు సమయం మిగులుతుంది. ముందు ఓ యాభై క్రియలు, పదిహేను ఉపసర్గలు పట్టుకోండి. కొత్త పదం ఎదురైనప్పుడల్లా ఉపసర్గ, ధాతువు, ప్రత్యయం అని మూడు ముక్కలు చెయ్యండి. నోటుబుక్‌లో పదాల వరస కాకుండా ధాతువుకో పేజీ పెట్టండి. జర్మన్‌కైనా, ఇంగ్లిష్ పోటీ పరీక్షలకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. రష్యన్ మీద ఆసక్తి పెరిగితే హైదరాబాద్‌లోని ఇఫ్లూలో ఆ భాషకు విభాగమే ఉంది.

రెండు, భాషతో పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగానికి ఇది పునాది. సెర్చ్‌లో ‘వెళ్లాడు’ అని కొడితే ‘వెళ్తున్న’, ‘వెళ్లిన’ ఉన్న పేజీలు కూడా రావాలంటే, ఈ మూడింటి వెనక ఒకే ధాతువు ఉందని యంత్రానికి తెలియాలి. తెలుగు, రష్యన్ లాంటి భాషల్లో ఒక్క క్రియకు బోలెడు రూపాలు. వాటిని ముక్కలుగా ఎలా కొయ్యాలో తెలిసిన మనిషికీ, లైబ్రరీ పిలిచి చేతులు దులుపుకొనే మనిషికీ తేడా పనిలో కనపడుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ ఉంది. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే చెప్పండి.

మూడోది అన్నిటికన్నా పెద్దది: నమ్మే ముందు పరీక్షించే అలవాటు. ఈ శాస్త్రం నేర్పేది ఒక్కటే. పోలిక కనపడగానే సంబరపడకు. నియమం రాయి. అది మిగతా పదాలకు పనిచేస్తుందో లేదో చూడు. పనిచెయ్యకపోతే ఎంత ముచ్చటైన కథనైనా వదిలెయ్. రేపు మీ ముందు సేల్స్ డేటా ఉన్నా, సర్వర్ లాగ్ ఉన్నా, ఎన్నికల ఫార్వర్డ్ ఉన్నా చెయ్యాల్సిన పని ఇదే.

‘సిలబస్‌లో లేనిది టైమ్ వేస్ట్’ అనే మాట మన కాలేజీల్లో మంత్రంలా వినపడుతుంది. సిలబస్‌లో ఉన్నది పరీక్ష పాసవడానికి. ఎందుకు, ఎలా అని తవ్వడం మాత్రం ఎవరికి వాళ్లే నేర్చుకోవాలి. ఈ వారం ఆ పదాల జాబితాలోంచి ఒక్క పదం తీసుకోండి. దాని వెనక ఉన్న క్రియ ఏమిటో వెతకండి. ఒక్కటి దొరికితే పది పదాలు వెంటబడి వస్తాయి. అప్పుడు గోడ మీది కాగితం మీకే చిన్నదిగా కనిపిస్తుంది.